పార్వతీశం కథ పార్వతీశమే చెప్పకపోతే ఏమయ్యేది?

కాలవగట్టు (పాలకొల్లు)

అందరికీ నమస్కారం. నేను డిగ్రీ పిల్లలకి తెలుగు చెప్తాను. ఈసారి ‘బారిష్టరు పార్వతీశం’ మొదటి భాగం చదివిస్తున్నాను. మా పిల్లల్లో సగం మంది మొగల్తూరు, నర్సాపురం, వీరవాసరం వైపు వాళ్ళే. హీరోది మొగల్తూరు అనగానే క్లాసంతా హుషారైపోయింది. కాబట్టి కథతో ఏ ఇబ్బందీ రాలేదు. ఇబ్బందల్లా “ఈ నవలలో శిల్ప విశేషాలు రాయండి” అని అడిగినప్పుడు వచ్చింది. ఉపమానాలు, సామెతలు, జాతీయాలు ఏరి అందరూ ఒక పట్టీ రాసి ఇచ్చారు.

ఆ పట్టీలో ఉన్నవన్నీ తీసేసినా ఆ నవల నిలబడుతుంది. మరి ఏది తీస్తే నిలబడదు? నా మటుకు నాకు, కథ చెప్పే గొంతు. పార్వతీశం కథ పార్వతీశమే చెప్తున్నాడు. ఆ ఒక్క ఏర్పాటు మారితే సంఘటనలన్నీ అలాగే ఉన్నా నవల అర్థం మారిపోతుంది. దీన్ని పిల్లలకి కళ్ళకి కట్టినట్టు ఎలా చూపించాలి? మీరు చదివిన నవలల్లో ఇలాంటివి ఏమున్నాయి? కొంచెం వివరంగా రాయండి, క్లాసులో చదివి వినిపిస్తాను.

వశిష్ఠ తీరం (నర్సాపురం)

మేడమ్ గారూ, ఒక పని చేయించండి. టోపీ ఘట్టం తీసుకోండి. బారిష్టరు చదువుకి సీమకి, అంటే ఇంగ్లండుకి, వెళ్ళేవాడికి టోపీ ఉండాలని పార్వతీశం మద్రాసులో ఒకటి కొంటాడు. అది ఆడవాళ్ళు పెట్టుకునే టోపీ. ఆ సంగతి అతనికి తెలీదు. దీన్నే పిల్లల చేత రెండు రకాలుగా రాయించండి. కింద రాసినవి నా సొంత వాక్యాలు, పుస్తకంలోవి కావు.

ఒకటి: “పార్వతీశానికి టోపీల సంగతి బొత్తిగా తెలియదు. అందంగా కనబడిందని ఆడవాళ్ళ టోపీ కొని నెత్తిన పెట్టుకుని వీధిలోకి వచ్చాడు. జనం నవ్వారు.”

రెండు: “కొట్టు మొత్తంలో అందమైన టోపీ నాకే దొరికింది. వీధిలో నన్ను తిరిగి చూడనివాడు లేడు. సీమకి వెళ్ళేవాడంటే మద్రాసులో ఎంత గౌరవమో అప్పుడే తెలిసింది.”

జరిగింది ఒకటే. మొదటి దాంట్లో రచయిత, మనం, ఆ వీధి జనం అందరం ఒక పక్కకి చేరిపోయాం. కుర్రాడు ఒక్కడూ అవతల మిగిలాడు. అది చదివితే నాకు జాలేస్తుంది, కొంచెం కోపం కూడా వస్తుంది, ఊరి కుర్రాణ్ణి పట్టుకుని అందరూ ఏడిపిస్తున్నారని. రెండో దాంట్లో మనం అతని లోపలే ఉన్నాం. అతని సంతోషం మనకి తగులుతుంది, జనం ఎందుకు చూస్తున్నారో అతనికంటే ముందే తెలిసిపోతుంది. ఈ రెండూ ఒకేసారి జరగడం వల్ల వచ్చే నవ్వులో చులకన లేదు.

ఇంకొకటి కూడా ఉంది. చెప్తున్న పార్వతీశానికి ఇప్పుడు అన్నీ తెలుసు. టోపీ కొన్నప్పటి పార్వతీశానికి తెలీదు. తెలిసినవాడు తెలియనట్టు చెప్తున్నాడు. అంటే ఒకే ‘నేను’లో ఇద్దరు ఉన్నారు. మొక్కపాటి నరసింహశాస్త్రి గారు స్వయంగా ఎడిన్‌బరో వెళ్ళి చదువుకుని వచ్చినవారు. ఆ దేశం ఆయనకి కొత్త కాదు. తనకి తెలిసినదంతా పక్కన పెట్టి, మొగల్తూరు దాటని కుర్రాడి కళ్ళతో చూపించారు. దానివల్ల తెల్లవాళ్ళ మర్యాదలు కూడా మనకి విడ్డూరంగానే కనిపిస్తాయి. నవ్వు ఒక్క పార్వతీశం మీదకే పోదు, వాళ్ళ మీదకీ పోతుంది. ఆ పుస్తకం వచ్చింది 1924 ప్రాంతంలో, ఇంగ్లీషువాడి రాజ్యంలో. వాడి పద్ధతులు వింతవని ఉపన్యాసం ఇవ్వకుండా ఆ మాట అనగలగడం ఆ గొంతు వల్లే వీలైంది.

తణుకు కుర్రోడు (ప్రస్తుతం హైదరాబాద్)

నాకు ఎప్పటి నుంచో ఉన్న అనుమానం అడుగుతాను, ఎవరూ ఏమీ అనుకోకండి. ఇవన్నీ రచయిత నిజంగా అనుకునే రాశారా? ఆయన సరదాగా ఒక కథ చెప్పి ఉంటారు. ‘ఒకే నేనులో ఇద్దరు’ అని వందేళ్ళ తర్వాత మనం అంటున్నాం. ఇంటర్‌లో మా సార్ ఒక పద్యంలో పది అర్థాలు తీసేవారు. అప్పుడూ నాకు ఇదే టెన్షన్: ఇవి ఆ పద్యంలో ఉన్నాయా, సార్ బుర్రలో ఉన్నాయా? నాకు నవలలంటే ప్రాణం. అందుకే లేనిపోని అర్థాలు అంటగట్టడం నచ్చదు.

కోటిపల్లి రేవు

బాబూ, మంచి ప్రశ్న అడిగావు. రచయిత అనుకున్నాడా లేదా అన్నది మనం తేల్చలేం, తేల్చక్కర్లేదు కూడా. రాసినదానిలో ఆధారం ఉందా అన్నది మాత్రం తేల్చగలం. వశిష్ఠ తీరం గారు చేసినట్టు ఒక్కటి మార్చి చూడు. మార్చగానే అర్థం మారిపోతే ఆ పరికరం అక్కడ పని చేస్తున్నట్టే. మార్చినా ఏమీ తేడా రాకపోతే మీ సారు బుర్రలోదే అనుకోవచ్చు.

మనవాళ్ళు దీని గురించి చాలా కాలం కిందటే ఆలోచించారు. తొమ్మిదో శతాబ్దంలో కాశ్మీరంలో ఆనందవర్ధనుడు ‘ధ్వన్యాలోకం’ రాశాడు. పైకి చెప్పకుండా మాట తోపించే అర్థమే ధ్వని. అలంకార శాస్త్రంలో ఒక పాత ఉదాహరణ చెప్తారు: ‘గంగలో గొల్లపల్లె’. నది నీళ్ళలో పల్లె ఉండదు, కాబట్టి గట్టు మీద ఉందని సర్దుకుంటాం. మరి గట్టు మీద అనే అనొచ్చుగా? గంగలో అన్నందువల్ల ఆ పల్లె చల్లదనం, పవిత్రత కూడా మనసుకి తగులుతాయి. అవి ఆ వాక్యంలో ఎక్కడా రాసి లేవు, కానీ ఆ వాక్యం లేకపోతే రావు. చదివేవాడి పనితనం అక్కడ ఉంది. మన వైపు “వాళ్ళిల్లు గోదాట్లోనే” అంటే గట్టునే ఉందని మాత్రమే వింటామా? ప్రతి ఏడూ భయం భయంగా బతుకుతారని కూడా వింటాం. అదే నది, వేరే ధ్వని.

ఇప్పుడు గొంతు విషయం. ‘రాజశేఖర చరిత్రము’ తీసుకోండి, 1878 నాటిది. వీరేశలింగం గారు దాన్ని గోదావరితోనే మొదలుపెడతారు. నది ఎక్కడో పడమట పుట్టి, ఎంతో దూరం నడిచి, ధవళేశ్వరం చేరుతుంది. ఆ తర్వాతే మనుషులు వస్తారు. ఇక్కడ చెప్పేవాడు అన్నీ తెలిసినవాడు. నది పుట్టుకా తెలుసు, రాజశేఖరుడి ఇంట్లో పొగిడి పబ్బం గడుపుకునేవాళ్ళ మనసులోదీ తెలుసు. బంగారం చేస్తానని వచ్చిన బైరాగి మోసగాడని పాత్రలకి తెలియకముందే పాఠకుడికి అర్థమయ్యేలా చెప్తాడు. ఆ నవల ఉద్దేశం సంఘ సంస్కరణ. మూఢనమ్మకాలు ఒక ఇంటిని ఎలా ముంచుతాయో పైనుంచి చూపించాలి. దానికి ఆ గొంతే తగినది. రాజశేఖరుడే ‘నేను’ అని చెప్పుకుంటే బైరాగి దగ్గర మనమూ మోసపోయేవాళ్ళం. అదీ మంచి నవలే అయ్యుండేది, కానీ వీరేశలింగం గారికి కావలసిన నవల కాదు.

ఒకటి గోదావరి గట్టున మొదలై ఆ గట్టు మనుషుల్ని పైనుంచి చూసింది. రెండోది అదే జిల్లాల మట్టిలో పుట్టి లోపలి నుంచి చూసింది. మధ్యలో గడిచింది యాభై ఏళ్ళు కూడా లేదు.

తణుకు కుర్రోడు (ప్రస్తుతం హైదరాబాద్)

మార్చి చూడటం అన్న పరీక్ష బాగుంది మాస్టారూ. ఇది ఒప్పుకుంటాను. పేర్లకి కూడా ఈ పరీక్ష పెట్టొచ్చనిపిస్తోంది. నవీన్ గారి ‘అంపశయ్య’ 1969లో వచ్చింది. ఉస్మానియా హాస్టల్లో ఉండే రవి అనే కుర్రాడి ఒక్క రోజు కథ. తెల్లారి మొదలై ఆ రాత్రికే అయిపోతుంది, అంతా అతని తలలో తిరిగే ఆలోచనలే. ఆ నవలకి ‘హాస్టల్లో ఒక రోజు’ అని పేరు పెట్టి చూడండి. సంఘటనల్లో పెద్దగా ఏమీ లేదు కాబట్టి చప్పగా అయిపోతుంది. ‘అంపశయ్య’ అనగానే భీష్ముడు వస్తాడు. బాణాల మీద పడుకుని కదల్లేనివాడు, చావు కోసం ఎదురుచూసేవాడు. పల్లె నుంచి వచ్చిన ఒక పేద విద్యార్థి గదిలో మంచం ఆ మాటతో వేరేది అయిపోయింది. నేను హాస్టల్లో ఉన్నప్పుడు చదివాను. ఆ ఒక్క రోజునే అంత పొడుగ్గా సాగదీయడం వల్ల నాకు ఊపిరాడలేదు. పదేళ్ళ కథగా చెప్పి ఉంటే ఆ ఊపిరాడనితనం పోయేది.

లంక పిల్ల (ముమ్మిడివరం వైపు)

ఇన్ని రోజులూ చదవడమే తప్ప రాయలేదు. ఈ చర్చ చూశాక ఆగలేకపోయాను. నేను ఒక నవల రాస్తున్నాను. 1996 నవంబరు 6 కోనసీమ తుపాను చుట్టూ. కాట్రేనికోన, ఐ.పోలవరం వైపు వాళ్ళకి ఆ తేదీ చెప్తే చాలు. మా ఇంట్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ ఏ సంగతైనా ‘తుపాను ముందు’, ‘తుపాను తర్వాత’ అనే చెప్తారు. కొబ్బరి తోట మీద బతికే ఒక కుటుంబం నా కథ. తుపాను అధ్యాయం నుంచి ఒక ముక్క పెడుతున్నాను, మొహమాటం లేకుండా చెప్పండి.

“ఆకాశం క్రూరమృగంలా గర్జించింది. మృత్యుదేవత జుట్టు విరబోసుకుని నాట్యం చేస్తున్నట్టు కొబ్బరిచెట్లు ఊగిపోయాయి. సముద్రం ఆకలిగొన్న రాక్షసిలా నోరు తెరిచింది. సత్యవతి గుండెల్లోనూ అలాంటి తుపానే చెలరేగింది.”

వశిష్ఠ తీరం (నర్సాపురం)

అమ్మా, అడిగారు కాబట్టి చెప్తున్నాను. మృగం, మృత్యుదేవత, రాక్షసి మూడూ ఏ ఊరి తుపానుకైనా సరిపోతాయి. మాస్టారి పరీక్ష పెడితే, వాటిని ఒకదాని చోట ఇంకొకటి పెట్టినా ఏ తేడా రాదు. ఆఖరి వాక్యం ఇంకా ఇబ్బంది. సత్యవతి గుండెలో తుపాను ఉందని మీరు చెప్పేస్తే నేను చేయడానికి పనేం మిగిలింది?

పాలగుమ్మి పద్మరాజు గారి ‘గాలివాన’ మళ్ళీ చదవండి. అది నవల కాదు, కథ. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి తెచ్చుకున్నది. నియమాలు, విలువలు గట్టిగా పెట్టుకున్న రావుగారు తుపాను రాత్రి ఒక చిన్న స్టేషన్లో చిక్కుకుపోతాడు, రైల్లో అడుక్కునే ఆడమనిషితో. గాలి పెరిగేకొద్దీ ఆయన కట్టుకున్నవి ఒక్కొక్కటీ ఊడిపోతాయి. బయట గాలీ, లోపల గాలీ అని రెండు పేర్లు పెట్టి చూపించాల్సిన అవసరం రాలేదు. మామూలు రోజున ఆవిడని ఆయన దగ్గరికి కూడా రానివ్వడు. తుపాను వాళ్ళిద్దర్నీ ఒకచోట పడేసింది. ఆ కథలో గాలి ప్రతీక అవడానికి ముందు ఒక పని చేసింది. మీ తుపాను సత్యవతికి ఏం పని చేసింది? అది చెప్పండి ముందు.

లంక పిల్ల (ముమ్మిడివరం వైపు)

సత్యవతి మొగుడు చేతికి తోట పెత్తనం వచ్చి రెండేళ్ళు. అత్తగారు పోయాక దింపుల లెక్క, అంటే చెట్ల నుంచి కొబ్బరికాయలు దింపించిన లెక్క, సత్యవతి చూస్తుంది. ఎన్ని కాయలు దిగాయి, దింపు కూలి ఎంత, ఒలుపు కూలి ఎంత, అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో రేటెంత, అంతా ఒక నోట్‌బుక్‌లో రాస్తుంది. చదువు ఆపించి పెళ్ళి చేసిన పిల్ల. ఇంట్లో ఆవిడ మాట చెల్లేది ఆ పుస్తకం దగ్గర మాత్రమే. తుపానులో చెట్లు పోయాయి. ఆ లెక్కా పోయింది.

కోటిపల్లి రేవు

అమ్మాయీ, నీ నవల ఇదిగో, ఇక్కడుంది! ఆ మృగాలన్నీ వదిలెయ్. దింపు అంటే నెలన్నరకో రెండు నెలలకో ఒకసారి వస్తుంది. మన కోనసీమ తోటల్లో గడియారం అదే. నీ అధ్యాయాలకి దింపుల పేర్లు పెట్టు. మొదటి దింపు, రెండో దింపు, సంక్రాంతి ముందు దింపు. ప్రతి అధ్యాయం సత్యవతి లెక్కతో మొదలవనీ. చదివేవాడు మొదట్లో ఆ లెక్కల్ని పట్టించుకోడు. నాలుగైదు అధ్యాయాలయ్యేసరికి వాటికి అలవాటు పడతాడు. కాయలు తగ్గితే ఇంట్లో గొడవ అని, పెరిగితే పిల్లకి గౌను అని అతనికే తెలిసిపోతుంది. అప్పుడు తుపాను రానీ. తర్వాతి అధ్యాయానికి పేరు లేదు, లెక్క లేదు. నువ్వు ఒక్క విశేషణం వాడక్కర్లేదు.

ఆ ఖాళీ కూడా అర్థం చెప్పే పరికరమే. కానీ ముందు నింపి ఉంటేనే ఖాళీ కనిపిస్తుంది. మొదటి అధ్యాయం నుంచే మౌనంగా ఉంటే చదివేవాడికి ఏం పోయిందో ఎలా తెలుస్తుంది?

కాలవగట్టు (పాలకొల్లు)

మాస్టారి మాటకి ఒకటి కలుపుతాను. కొత్త మొక్క పెడితే అది కాపుకి రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది, నాటు రకమైతే. అంటే సత్యవతి గడియారం ఒక్కసారిగా నెలల నుంచి ఏళ్ళకి మారిపోయింది. మీ నవల నడక కూడా అక్కడ మారాలి. ముందు సగం రెండు నెలలకొక అధ్యాయం. తుపాను తర్వాత ఒక్క అధ్యాయంలోనే మూడేళ్ళు గడిచిపోవచ్చు. ‘అంపశయ్య’లో ఒక రోజుని సాగదీస్తే వచ్చిన ఊపిరాడనితనం గురించి తణుకు బాబు రాశారు కదా. ఇక్కడ దానికి తిరగేసి, ఏళ్ళని కుదిస్తే, బతుకులో చెప్పుకోదగ్గది ఏమీ జరగలేదన్న బాధ వస్తుంది.

ముందుగా సూచించడం గురించి కూడా ఒక మాట. మనం గోదావరి వాళ్ళం కాబట్టి కొన్ని మాటలు మనకి గంట కొట్టినట్టు వినిపిస్తాయి. ‘ఎర్రనీరు వచ్చింది’ అని ఏ పాత్రైనా అంటే, పైన వానలు పడ్డాయని, ఇంక నది మధ్య లంకల్లో ఉన్నవాళ్ళు సామాను సర్దుకోవాలని మనకి అర్థమైపోతుంది. ‘ధవళేశ్వరం దగ్గర రెండో హెచ్చరిక ఎగరేశారు’ అంటే చాలు. అనంతపురంలో చదివేవాళ్ళకి అది ఒక సమాచారం. వాళ్ళ కోసం వివరణ రాస్తే మన పాఠకుడికి విసుగు. దీన్ని ఎలా దాటాలంటారు?

లంక పిల్ల (ముమ్మిడివరం వైపు)

మేడమ్, నేను అనుకున్నది చెప్తాను. ఎర్రనీరు అంటే ఏమిటో వివరించకుండా, ఆ మాట వినగానే ఒక మనిషి ఏం చేస్తాడో రాస్తే సరిపోతుంది. ముసలాయన గేదెని విప్పి ఏటిగట్టు మీదకి తోలుకుపోతే ఎక్కడివాళ్ళకైనా తెలుస్తుంది.

తుపానుకి మాత్రం ఆ సౌకర్యం లేదండి. వరద చెప్పి వస్తుంది, గట్టు మీద నిలబడి చూడొచ్చు. ఆ రోజు మాత్రం చాలామంది మామూలుగానే పనుల్లో ఉన్నారని మావాళ్ళు చెప్తారు. వేటకి వెళ్ళినవాళ్ళలో తిరిగి రానివాళ్ళు చాలామంది. అందుకని ఆ అధ్యాయంలో ముందస్తు సూచనలు ఏవీ పెట్టకూడదనిపిస్తోంది. మబ్బులు, కాకులు, కుక్కల ఏడుపు ఏమీ వద్దు. పాఠకుడికి తేదీ తెలుసు, సత్యవతికి తెలీదు. అధ్యాయం పైన తేదీ ఒక్కటే పెట్టి, కింద ఆవిడ మామూలుగా కూలి లెక్కలు వేస్తూ ఉంటుంది.

వశిష్ఠ తీరం (నర్సాపురం)

ఇది చాలా బాగుంది. టోపీ దగ్గర పార్వతీశం కంటే మనకి ముందే తెలిసింది, నవ్వొచ్చింది. ఇక్కడ సత్యవతి కంటే ముందే తెలిసింది, భయమేస్తుంది. పనిముట్టు ఒకటే. దాన్ని ఎవరి మీద, ఎందుకు వాడారన్నదాన్ని బట్టి నవ్వో ఏడుపో వస్తుంది. మేడమ్ గారూ, మీ పిల్లలకి ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూపించండి.

ఒక్క అనుమానం. తేదీ పెడితే 1996 గుర్తులేని ఈ కాలం పిల్లలకి పని చేస్తుందా?

తణుకు కుర్రోడు (ప్రస్తుతం హైదరాబాద్)

చేయదండి. నేను తణుకువాణ్ణి, నాకే ఆ తేదీ తెలీదు, ఇక్కడ చదివాకే తెలిసింది. మొదటి పేజీలోనే తుపాను వచ్చిందని చెప్పేయండి. “తుపాను ముందు మాకు ఇన్ని చెట్లు” అని ఒక్క వాక్యం చాలు. మీ పెద్దవాళ్ళు అలాగే మాట్లాడతారని మీరే రాశారు కదా. అప్పుడు అనంతపురం వాడికీ తెలుస్తుంది, నాకూ తెలుస్తుంది. ఏం జరుగుతుందా అన్న ఉత్కంఠ పోతుంది కానీ, ప్రతి దింపు లెక్కా బరువెక్కుతుంది. నేనైతే ఆ బరువు కోసమే చదువుతాను.

ఇంకోటి. దయచేసి ప్రతి మాటకీ ‘ఆయ్’ పెట్టకండి. సినిమాల్లో గోదావరి మనిషి అంటే ‘ఆయ్, అండి’ తప్ప ఇంకేం లేనట్టు చూపిస్తారు. మనవాళ్ళు కోపంలో ఒకలా, బేరం దగ్గర ఒకలా, కూలివాళ్ళతో ఒకలా మాట్లాడతారు. సత్యవతి మొగుడితో ‘అండి’ అంటుంది. లెక్క దగ్గర అదే ‘అండి’ గట్టిగా పలుకుతుంది. ఆ తేడా వినిపిస్తే యాస దానంతట అదే వచ్చేస్తుంది.

కోటిపల్లి రేవు

మాటల సంగతి వచ్చింది కాబట్టి శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి కథలు దగ్గర పెట్టుకో అమ్మాయీ. పొలమూరు మనిషి. వర్ణన దాదాపు లేకుండా, ఇద్దరు మాట్లాడుకుంటుంటేనే ఇల్లు, వీధి, ఎవరి పెత్తనం ఎంత అన్నీ తెలిసిపోతాయి. ఆడవాళ్ళ మాటల్లో ఎత్తిపొడుపు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఆయన దగ్గర నేర్చుకోవాలి.

ఇంక అసలు ప్రశ్న మిగిలే ఉంది. ఈ చర్చ మొదలైందే దానితో. నీ కథ ఎవరు చెప్తున్నారు?

లంక పిల్ల (ముమ్మిడివరం వైపు)

ఇప్పటిదాకా రాసినదంతా మూడో మనిషి గొంతు, మాస్టారూ. సత్యవతే ‘నేను’ అని చెప్తే బాగుంటుందా అని రాత్రి కొంత రాసి చూశాను. ఏడుపు ఎక్కువైపోతోంది. ఆవిడ తన బాధ తానే చెప్పుకుంటుంటే నేను నమ్మలేకపోతున్నాను, అసలావిడ అలాంటి మనిషి కాదు.

కూతురు చెప్తే? తుపాను నాటికి పిల్లకి ఏడేళ్ళు. ఇప్పుడు ఆ నోట్‌బుక్ చేతికి దొరికింది. అమ్మ మనసులో ఏముందో ఈ పిల్లకి తెలీదు. ఉన్నది అంకెలు, కొట్టివేతలు, ఒక చోట కూలి దగ్గర రెండుసార్లు దిద్దిన లెక్క. వాటిని బట్టి ఊహించుకుంటుంది. ఊహ తప్పొచ్చు కూడా.

కాలవగట్టు (పాలకొల్లు)

అదే రాయండి. తప్పొచ్చు అన్న మాటని అస్సలు వదలకండి. కూతురు ఒక చోట అమ్మని అపార్థం చేసుకోవాలి, అది అపార్థమని లెక్క చూసిన పాఠకుడికి తెలియాలి. కూతురికి తెలియకుండానే పుస్తకం అయిపోయినా పరవాలేదు.

ఆ రెండుసార్లు దిద్దిన కూలి లెక్క దగ్గర మొదలుపెట్టి చూడండి. దింపు కూలికి అప్పట్లో చెట్టుకింతని ఇచ్చేవారా, కాయల లెక్కన ఇచ్చేవారా అన్నది ఊరిని బట్టి మారుతుంది, మీ ఊళ్ళో పెద్దవాళ్ళని అడిగి రాయండి. ఆ అంకె తప్పయితే కోనసీమ పాఠకుడు అక్కడే పుస్తకం మూసేస్తాడు. మొదటి రెండు అధ్యాయాలు అవగానే ఇక్కడ పెట్టండి. మా పిల్లల చేత కూడా చదివిస్తాను, అంబాజీపేట వైపు నుంచి వచ్చేవాళ్ళు క్లాసులో ఇద్దరున్నారు.